ఎర్రదారం లేని అట్టపెట్టె

నేను చేసిన ఉద్యోగానికి సరైన పేరు లేదు. హాజరు పుస్తకంలో ఆయా అని రాసేవాళ్ళు. చేసింది మాత్రం ఊడవడం, మధ్యాహ్నం నలుగురికి వండిపెట్టడం, బీరువా తాళాలు బొడ్లో దోపుకుని తిరగడం, టేపులు చెరపడం. గుంటూరులో ఒక పాటల రికార్డింగు స్టూడియోలో పదమూడేళ్ళు ఇదే పని. అయిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, రాస్తాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు ఇప్పటికీ బొమ్మలే. ఈ నాలుగు ముక్కలు రాయడానికి రెండు నెలలు పట్టింది. మనవరాలి పాత నోటు పుస్తకాల్లో మిగిలిపోయిన తెల్ల కాగితాలు సరిపోయాయి.

మీరు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు. నేను బాగా చేసిన పనుల గురించి చెబితే మీకేమీ ఒరగదు. చెడగొట్టింది ఒకటుంది, అది చెబుతాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, వింటే కుమిలిపోయే మనిషి ఒకాయన బతికి ఉన్నాడు. ఆయన కొడుకు ఆయనకంటే ముందే పోయాడు. మొన్న వేసవిలో ఆయన కూడా పోయాడు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి. ఇక దాచి ఎవరికోసం?

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. మిర్చి గోడౌన్ల వరసలో ఒక పాత పత్తి గోడౌను. మా ఓనరు గారు అంతకు ముందు రేడియోలు బాగుచేసే షాపు నడిపేవారు. మద్రాసులో ఎవరో వాడి తీసేసిన యంత్రాలు తెచ్చి ఇక్కడ బిగించారు. చప్పుడు గోడలకు తగిలి తిరిగి రాకుండా గదినిండా బొంతలు కొట్టించాలన్నారు. నేను అప్పటిదాకా చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లులో కూలికి పోయేదాన్ని. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వచ్చాను. పత్తి సంగతి తెలిసిన మనిషి కదా అని ఆ బొంతలు కుట్టడానికి నన్ను పిలిచారు. మంచి పత్తి పెట్టమన్నారు. గోడకు మెత్తదనం తెలుస్తుందా ఏంటి అని నేను మిల్లులో రాలిన తుక్కుపత్తి తెచ్చి గోనెసంచుల్లో కూరి కుట్టేశాను. అది చూసి ఓనరు గారు ముచ్చటపడి నన్ను అక్కడే ఉంచేసుకున్నారు. పొదుపు వల్ల వచ్చిన ఉద్యోగం. ఆ పొదుపే ఏం చేసిందో మీరే చూస్తారు.

అక్కడ భజన పాటలు, క్రైస్తవ గీతాలు, బుర్రకథలు రికార్డు చేసేవాళ్ళు. వాటన్నిటికంటే ఎక్కువ పురుగుమందుల ప్రకటనలు. పత్తికి తెల్లదోమ పట్టి ఊళ్ళకు ఊళ్ళు ఏడుస్తున్న రోజులవి. జీపుకు మైకు కట్టి ఊరూరా తిప్పడానికి ప్రతి కంపెనీకీ ఒక ప్రకటన కావాలి. రోజుకొక మందు పేరు వినేదాన్ని. అన్నీ దోమను చంపేవే. దోమ మాత్రం చావలేదు.

మీ ఫోనులో పాట ఎక్కడుంటుందో మీకు కనపడదు. మాకు కనపడేది. అన్నం పళ్ళెమంత చక్రానికి చుట్టిన టేపు, స్పూలు అనేవాళ్ళం. అట్టపెట్టెలో పెట్టి బీరువాలో నిలబెట్టేదాన్ని. అది గుంటూరులో దొరికే సరుకు కాదు, మద్రాసు నుంచి రావాలి. అందుకని ఒక పాట పని పూర్తయి, క్యాసెట్లు తయారై బయటికి వెళ్ళిపోయాక, అదే స్పూలు చెరిపి మళ్ళీ వాడేవాళ్ళం. చెరపడానికి ఇస్త్రీపెట్టె అంత అయస్కాంతం ఒకటి ఉండేది. కరెంటు పెట్టి, స్పూలు మీద నెమ్మదిగా గుండ్రంగా తిప్పి, బోర్లించి మళ్ళీ తిప్పాలి. తుమ్మెద తిరిగినట్టు సన్నగా మోగేది. అరనిమిషం పని. మూడు నెలలు పాడింది ఆ అరనిమిషంలో పోతుంది. సోమవారం సోమవారం, కరెంటు ఉన్న సమయం చూసుకుని, వారానికి సరిపడా ఒకేసారి చెరిపేదాన్ని.

ఏది చెరపాలో, ఏది ఉంచాలో నాకెలా తెలుస్తుంది? పెట్టె మీద చీటీలు రికార్డిస్టు ఇంగ్లీషులో రాసేవాడు. తెలుగులో రాయమంటే బద్ధకం. అందుకని నేనే ఒక పద్ధతి పెట్టాను. ఉంచాల్సిన పెట్టెకి ఎర్రదారం మూడు వరసలు చుట్టి ముడేస్తాను. దారం లేనిది చెరిపెయ్యొచ్చు. మా వీధి టైలరు పారేసే దారం ముక్కలు తెచ్చుకునేదాన్ని. ఓనరు గారికి, రికార్డిస్టుకి ఈ సంగతి తెలుసు. ఏడేళ్ళు ఒక్క తప్పు జరగలేదు. వంట మధ్యలో లేచి కట్టేదాన్ని కాబట్టి ఆ దారాలకు నా వేళ్ళ పసుపు అంటుకుని ఉండేది. అదీ ఒక లెక్కలోకి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఇక ఆ నలుగురి సంగతి. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ మగపిల్లలు. భుజాల మీదికి జుట్టు, నల్ల చొక్కాలు. డ్రమ్ములు వాయించేవాడు మిర్చి కమీషను వ్యాపారి కొడుకు. ఇద్దరు గిటార్లు. నాలుగోవాడు పాడేవాడు. హెవీ మెటల్ అంటారుట ఆ సంగీతాన్ని. వాళ్ళ బృందానికి ఇంగ్లీషులో ఏదో పేరుండేది, నాకు నోరు తిరిగేది కాదు. అప్పటిదాకా కాలేజీ స్టేజీల మీద వాయించేవాళ్ళు. మొట్టమొదటిసారి స్టూడియోలో ఎనిమిది పాటలు రికార్డు చేసి క్యాసెట్ వెయ్యాలని వచ్చారు. ఆరు ఇంగ్లీషువి, రెండు తెలుగువి. ఒక్క ఏడాది గడువట వాళ్ళకి. ఈ లోపు క్యాసెట్ రాకపోతే ఇళ్ళల్లో చెప్పిన ఉద్యోగాల్లో చేరిపోవాలి.

మొదటిరోజు వాయించారు చూడండి, గోడౌను రేకుల మీది పావురాలన్నీ లేచిపోయాయి. నేను చెవుల్లో పత్తి పెట్టుకుని వంటగదిలో కూర్చున్నాను. ఓనరు గారు కూడా కాస్త కంగారుపడ్డారు గానీ నోరు తెరిచి ఒప్పుకోలేదు. మధ్యాహ్నం ఆ నలుగురినీ వరసగా నిలబెట్టాను. బూట్లు గుమ్మం బయట విప్పమన్నాను, టీ గ్లాసులు ఎవరివి వాళ్ళు కడుక్కోమన్నాను, భోజనాల దగ్గర జుట్టు ముడేసుకోమన్నాను. డ్రమ్ములవాడు, "పెద్దమ్మా, మా నాన్న కూడా ఇంత గట్టిగా చెప్పడు" అన్నాడు. చెప్పి ఉంటే ఇలా తయారయ్యేవాడివి కాదు అన్నాను. ఆ రోజు నుంచి నేను వాళ్ళకి పెద్దమ్మనే. వెనకాల పీనాసి పెద్దమ్మ అనేవాళ్ళని కూడా తెలుసు. కాదనడానికి లేదు. తెగిన గిటారు తీగలు పారేస్తుంటే ఏరుకుని, వాటితో బట్టలసబ్బు బార్లు ముక్కలు కోసేదాన్ని.

పాడే అబ్బాయి మాత్రం ఎదురు చెప్పేవాడు కాదు. చిలకలూరిపేట పక్క పల్లె వాళ్ళది. తండ్రి బడిపంతులు. ఆదివారాలు వాళ్ళ చర్చిలో వాక్యం చెప్పేవాడు. కొడుకు చిన్నప్పుడు ఆ చర్చిలోనే పాడాడు. పెద్దయ్యాక ఇలా జుట్టు పెంచి అరవడం మొదలుపెట్టేసరికి తండ్రి మాట్లాడటం మానేశాడు. అది సైతాను చప్పుడని ఆయన నమ్మకం. రెండేళ్ళుగా ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మాటలన్నీ తల్లి మోసేదట. ఇది ఆ అబ్బాయే ఓ రోజు నాతో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతూ చెప్పాడు.

ఆ అరుపులు నాకూ నచ్చలేదు. అబద్ధం ఎందుకు. అయితే రెండు తెలుగు పాటల్లో ఒకటి తెల్లదోమ మీద. పాడే అబ్బాయి మేనమామ నాలుగెకరాలు పత్తి వేసి, దోమ తినేశాక, పొలానికి తెచ్చిన మందు తనే తాగి పోయాడట. ఆ పాట మొదట్లో అరుపు లేదు. ఒక్క గిటారు సన్నగా మోగుతుంటే మామూలుగా మాట్లాడినట్టు పాడేవాడు. "ఆకు తిప్పి చూశాడు మామ, ఆ తెలుపు పత్తిది కాదు." తర్వాత నలుగురూ ఒక్కసారి అందుకునేవాళ్ళు. అది వినడానికి నేను చెవుల్లో పత్తి తీసేదాన్ని. అప్పుడు తెలిసింది, ఆ అరుపు అరవాల్సినదేనని. మా పత్తి ఊళ్ళల్లో అలా అరిచిన ఆడవాళ్ళని చూశాను నేను.

రికార్డింగు నెలలు సాగింది. పక్క గోడౌన్లలో మిరప టిక్కీలు, అంటే బస్తాలు, దింపే వేళకి ఘాటు లేచి అందరికీ దగ్గు. అందుకని పొద్దున్నే, లారీలు రాకముందే పాడేవాళ్ళు. ఆ పిల్లాడి గొంతు రానురాను బొంగురుపోయింది. మిరప ఘాటే అనుకున్నాం అందరం. ఈ ఊళ్ళో దగ్గు అంటే ఇంకో కారణం ఎవరికి తోస్తుంది? మిరియాల పాలు, తాటిబెల్లం నేనే కాచి ఇచ్చాను. డ్రమ్ములవాడికైతే ఆ బొంగురు బాగా నచ్చింది, ఇంకో నెల మిర్చి యార్డులో పడుకోరా, గొంతు ఇంకా బావుంటుంది అని వేళాకోళం చేసేవాడు. ఎనిమిదో పాట అయిపోయాక గాని ఆ పిల్లాడు డాక్టరు దగ్గరికి పోలేదు. ఘాటు కాదు. గొంతులో గడ్డ. ఆపరేషను చేసి తీసెయ్యాలి, తీస్తే మాట కూడా పోతుంది అన్నారు. తియ్యకపోతే మనిషే పోతాడు.

ఆ వార్త తెలిసిన మర్నాడు నా దగ్గరికి వచ్చాడు. ఎనిమిది పాటలూ ఒక్క స్పూలులోనే ఉన్నాయి. క్యాసెట్లు వెయ్యడానికి మద్రాసు పంపేముందు ఇంకో స్పూలు మీద ఒక కాపీ తీయించుకుంటానని అడిగాడు. కొత్త స్పూళ్ళ తాళం నా దగ్గరే ఉంటుంది. బీరువాలో కొత్తవి రెండు ఉన్నాయి కూడా. నేను ఇవ్వలేదు.

"వారంలో మద్రాసు పోతోంది కదరా, క్యాసెట్లు వందలకొద్దీ వస్తాయి. కాపీ దేనికి, దండగ" అన్నాను.

"నిజమేలే పెద్దమ్మా" అన్నాడు. రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ ఇదే జవాబు. మూడోసారి అడగలేదు. ఓనరు గారిని అడిగితే ఇచ్చేసేవారు. నా మాట దాటి పోవడం ఇష్టంలేక అడగలేదు.

క్యాసెట్ అట్ట బొమ్మ తయారుకాక మద్రాసు పంపడం మరో వారం ఆగింది. ఆపరేషను గురువారం అని తేల్చారు. దానికి ముందు శనివారం, బడి ఒంటిపూట అయ్యాక, వాళ్ళ నాన్న స్టూడియోకి వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో బైబిలు, బాగా సన్నటి మనిషి. కొడుకు పక్కనే ఉన్నాడు. గుమ్మంలో చెప్పులు విప్పడం ఆయనకి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. బయటి గదిలో బల్ల మీద కూర్చోబెట్టాను.

"అమ్మా, మావాడు పాడింది ఒకసారి వినిపిస్తారా?" అని అడిగాడు.

కరెంటు లేదు. రికార్డిస్టు అద్దంకిలో పెళ్ళికి పోయాడు. కాసేపు చూద్దామన్నాను. గంటసేపు చూశాం, రాలేదు. ఆయన చిలకలూరిపేట బస్సుకి పోవాలి. కనీసం ఆ వస్తువైనా చూస్తానంటే బీరువా తీసి అట్టపెట్టె తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకుని, పెట్టె మీద రెండు చేతులూ ఆనించి ప్రార్థన చేస్తున్నాడు. కొడుకు తల వంచుకుని కూర్చున్నాడు. టీ చల్లారిపోతోందని నా బాధ నాది. అయ్యాక పెట్టె తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాను. పెట్టె వంక చూడలేదు.

సోమవారం పొద్దున్నే ఊడుస్తుంటే బల్ల కింద ఎర్రదారం ఒకటి దొరికింది. వచ్చినవాళ్ళెవరి చేతి నుంచో ఊడిపడిన దారం అనుకున్నాను. దులిపి, ఎప్పట్లాగే నా దారాల డబ్బాలో వేసుకున్నాను. తొమ్మిదికి కరెంటు వచ్చింది. పదకొండుకి పోతుందని తెలుసు. దారంలేని పెట్టెలన్నీ గబగబా దింపాను. తొమ్మిది ఉన్నాయి. అన్నీ ఒక కంపెనీ పెట్టెలే, ఒకే రంగు. తొమ్మిదీ చెరిపాను. చీటీలు నీళ్ళతో తడిపి, పెట్టెలు చినగకుండా జాగ్రత్తగా ఊడదీశాను. పని శుభ్రంగా చేశానని తృప్తిగా కూడా ఉంది.

గురువారం. ఆపరేషను జరుగుతున్న పూటే ముగ్గురు పిల్లలూ స్టూడియోకి వచ్చారు. వాడు కళ్ళు తెరిచేసరికి స్పూలు మద్రాసు బండెక్కిందని చెప్పాలని వాళ్ళ ఆత్రం. ఓనరు గారు బీరువా అంతా వెతికారు. రికార్డిస్టు వెతికాడు. పెట్టె లేదు. డ్రమ్ములవాడు యంత్రం పక్కన పేర్చిన కొత్త చీటీల పెట్టెలు ఒక్కొక్కటీ మూత తీసి చూడటం మొదలుపెట్టాడు. రికార్డింగు అయిపోయిన రోజు వాళ్ళు నలుగురూ మూత లోపలివైపు సంతకాలు చేసి, కింద ఎద్దు పుర్రె బొమ్మ వేశారట. నాకు తెలియదు. నాలుగో పెట్టె మూత తీసి ఆగిపోయాడు.

రికార్డిస్టు ఆ స్పూలు యంత్రానికి ఎక్కించి తిప్పాడు. "రైతు సోదరులారా" అని మొదలైంది. మంగళవారం రికార్డు చేసిన ప్రకటన. తెల్లదోమకు మందు. ప్రకటన రెండు నిమిషాలకు అయిపోయింది. ఆ తర్వాత టేపు చివరిదాకా తిప్పాడు, ఎక్కడైనా ఏమైనా మిగిలిందేమోనని. సన్నటి గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అయస్కాంతం బాగానే పనిచేసింది. అరగంటసేపు ఆ గాలి చప్పుడు వింటూ అందరం అలాగే నిలబడ్డాం, ఎవరూ ఆపమనలేదు.

ఓనరు గారు నన్ను అడిగారు, "దారం కట్టలేదా?"

"కట్టాను సార్" అన్నాను. నా చేతుల్తో నేను కట్టాను, నాకు బాగా గుర్తుంది. అంతలో సోమవారం దొరికిన దారం గుర్తొచ్చింది. వంటగదిలోకి పోయి డబ్బా తీశాను. పైనే ఉంది. తెంపింది కాదు, ఓపిగ్గా ముడి విప్పింది. మూడు వరసల మడతలు దాని మీద ఇంకా ఉన్నాయి. ఒక చివర పసుపు. బల్ల కింద, ఆయన కూర్చున్నచోట.

అప్పుడు అర్థమైంది నాకు. వాళ్ళవాళ్ళు దారాలు కట్టరు. తాయెత్తులు, రక్షలు, చేతికి తోరాలు, అవన్నీ వాళ్ళకి నిషిద్ధం. పసుపంటిన ఎర్రదారం మూడు వరసలు చుట్టి ముడేసి ఉంటే ఆయన దాన్ని ఏమనుకుంటాడు? తన కొడుకు పాటని ఎవరో ఇంకో దేవుడికి అప్పజెప్పారనుకుని ఉంటాడు. ప్రార్థన చేసేముందు విప్పేశాడు. కొడుకు మీద రెండేళ్ళ కోపం పక్కనపెట్టి, మొదటిసారి ఆ పాటకి మంచి జరగాలని కోరుకుంటూ విప్పాడు.

నేను డబ్బా మూసి బయటికి వచ్చాను. "లేదు సార్, మర్చిపోయాను. కట్టలేదు" అన్నాను.

ఓనరు గారు చాలాసేపు నా వంక చూశారు. ఏడేళ్ళలో నేను దేనికీ మర్చిపోయానని చెప్పి ఎరగను. తాళాలు ఇచ్చెయ్యమన్నారు. బొడ్లో నుంచి తీసి బల్ల మీద పెట్టాను. గిటార్లవాళ్ళిద్దరూ బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నారు. డ్రమ్ములవాడు తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"వాడు నిన్ను ఎన్నిసార్లు అడిగాడు పెద్దమ్మా, కాపీ ఇమ్మని?" అని మెల్లగా అడిగాడు.

దారం విప్పింది వేరేవాళ్ళు కావచ్చు. దొరికిన దారం ఎక్కడిదని ఆలోచించకుండా డబ్బాలో వేసుకున్నది నేను. రెండు కొత్త స్పూళ్ళు బీరువాలో పెట్టుకుని ఒక్కటి ఇవ్వనిది నేను. ఉంచాల్సినదానికి గుర్తు ఏంటో ఆ పిల్లలకి గాని, వచ్చినవాళ్ళకి గాని ఒక్కసారి చెప్పనిది కూడా నేనే. నా పద్ధతి నాకు తెలిస్తే చాలని గర్వం. మీ ఆఫీసుల్లో ఇలాంటి గుర్తులు మీకూ ఉంటాయి. ఆ వస్తువు మీద చెయ్యివేసే ప్రతివాడికీ ఆ గుర్తేంటో చెప్పండి. చిన్నతనం అనుకోకండి.

ఆ తర్వాత నేను ఊడవడానికి, వండటానికి మాత్రమే మిగిలాను. ముగ్గురు పిల్లలూ విడిపోయారు. పాడే గొంతే లేకపోయాక మళ్ళీ రికార్డు చెయ్యడానికి ఏముంది? డ్రమ్ములవాడు తండ్రి కమీషను కొట్లో కూర్చున్నాడు. మిగతా ఇద్దరికీ ఇళ్ళల్లో చెప్పిన ఉద్యోగాలే దొరికాయి.

నెలన్నర తర్వాత ఒక సాయంత్రం తండ్రీకొడుకులు రిక్షాలో వచ్చారు. ఆ పిల్లాడి జుట్టు కత్తిరించేశారు. మెడ చుట్టూ తెల్ల గుడ్డ. గుమ్మం దగ్గర వంగి బూట్లు విప్పుతుంటే నేనే వద్దన్నాను. వినలేదు, విప్పాడు. అదే బల్ల మీద కూర్చున్నారు. ఓనరు గారు లోపలే ఉన్నారు. మాస్టారు ఆయన్ని కలుస్తానన్నాడు. లేరని చెప్పాను. ఆయన నోటితో దారం మాట ఓనరు గారి ముందు వస్తే మరుక్షణం అంతా బయటపడుతుంది. నా ఉద్యోగంలో నేను ఆడిన రెండో అబద్ధం అది.

మాస్టారు తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"ఆ రోజు పెట్టె నా చేతుల్లోనే ఉందమ్మా. ఎంతో ప్రార్థన చేశాను. ఎవరో దారం కట్టి ఉంటే అది కూడా విప్పేశాను. ప్రభువుకి అప్పజెప్పాక మళ్ళీ దారాలెందుకని. అయినా నిలవలేదు."

నేను ఆయన వంక చూడలేకపోయాను. పక్కనున్న పిల్లాడి వంక చూశాను. ఆ పిల్లాడు నా మొహమే చూస్తున్నాడు. చూసి, తండ్రి చెయ్యి తట్టి, రిక్షా వైపు చూపించి ఏదో సైగ చేశాడు. మందుల సంచి రిక్షాలో మర్చిపోయారట. మాస్టారు లేచి బయటికి వెళ్ళాడు.

పిల్లాడు జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలు తీశాడు. మాట పోయినప్పటి నుంచి అలాగే రాసి చూపిస్తున్నాడట. నేను గబగబా చదవలేనని తెలుసు కాబట్టి, ఒకటో తరగతి పిల్లలకి రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు రాశాడు. పుస్తకం వెలుతురుకి పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను.

"నాన్న దారం విప్పుతుంటే చూశాను. అదేంటో అప్పుడు తెలియదు. తర్వాత రికార్డిస్టు నీ గుర్తు సంగతి చెబితే అర్థమైంది."

తల ఊపాను. పుస్తకం తీసుకుని కింద ఇంకో రెండు వరసలు రాశాడు.

"నాన్నకి చెప్పొద్దు పెద్దమ్మా. నా పాట మీద ఆయన చెయ్యి వేసింది ఆ ఒక్కరోజే."

చదవడం అయిపోయినా పుస్తకం వెంటనే తిరిగి ఇవ్వలేకపోయాను. ఏదో ఒకటి అనాలి కదా. కాపీ ఇవ్వనందుకు నన్ను క్షమించరా అని అనాలనుకున్నాను, నోట్లోంచి రాలేదు. నేను ఎవర్నీ అలా అడిగి ఎరగను, అలవాటు లేని మాట. ఆ పిల్లాడే నా చేతిలో పుస్తకం నెమ్మదిగా తీసుకుని మూసి జేబులో పెట్టుకున్నాడు.

మాస్టారు సంచితో లోపలికి వచ్చాడు. ఏం రాసి చూపించాడని అడిగాడు.

"అన్నం తిన్నావా అని అడిగాడు మాస్టారూ" అన్నాను.

ఆయన మొహం విచ్చుకుంది. వచ్చినప్పటి నుంచి అదే మొదటిసారి. కొడుకు పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, నాకు ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు.

"వాడికి నీ మీద కోపం లేదమ్మా. దారిపొడుగునా నేను అదే అడుగుతూ వచ్చాను. మనుషులం, పొరపాటు పడతాం. నేను కూడా నిన్ను క్షమించాను. మనసులో ఏమీ పెట్టుకోకు."

పిల్లాడు గోడవైపు తిరిగి బొంత కుట్లు చూస్తూ కూర్చున్నాడు. నేను చీపురు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, ఆయనకి రెండు చేతులూ జోడించాను.

"మీది పెద్ద మనసు మాస్టారూ" అన్నాను.